ముప్పై అయిదు నుంచి ముప్పై ఎనిమిది

గుణుపురం దగ్గర వంశధార మీద వంతెన.
ఏడు కాళ్ళలో మూడు లేచాయి.
ఒడ్డున రేకుల కంటైనరులో నేను, కంప్యూటరు,
కరెంటున్నప్పుడే మనిషిని గుర్తుపట్టే ఫ్యాను.

హెడ్డాఫీసు కబురు:
ఇక చేత్తో నెంబర్లు వెయ్యొద్దు,
కాంక్రీటు పోత కార్డులకి, తనిఖీ అర్జీలకి, లేఖలకి
వాటంతటవే పడాలి.

ముందు ఏ అక్షరాలు? అంది తెర.
ఊరి పేరు కుదించి ఇచ్చాను.
అడ్డగీత కావాలా? పెట్టాను.
ఎన్ని అంకెలు? నాలుగు.
పదివేల పోతలా, ఈ ఏటికా! అని తవిటయ్య నవ్వాడు.
సున్నాలకి కూలివ్వక్కర్లేదు కదా, ఉండనీ అన్నాను.

ఆఖరికి అడిగింది:
ఎక్కడ మొదలు?

సిమెంటు బస్తాలు దింపించేటప్పుడు తవిటయ్య
ఒకటి అనడు, లాభం అంటాడు.
లాభం, రెండు, మూడు...
ఏడు దగ్గర ఏడుపెందుకని
ఆరున్నొక్కటి, ఎనిమిది.
కళ్ళాల్లో వడ్లు కొలిచిన నోరు.
లారీ డ్రైవర్లు మొదట్లో తగువాడేవారు,
ఇప్పుడు వాళ్ళూ అలాగే లెక్కపెడుతున్నారు.
తెర మీద లాభానికి గడి లేదు.

పాత రిజిస్టరు తెరిచాను.
స్టోర్సు ఉద్ధవ్ పరిచ్ఛా చేతిరాత,
నల్లసిరా, ఒడియా అంకెలు.
చివరి వరసలో ୩୪.
బత్తిలి దాటి నేనొచ్చి అప్పటికి తొమ్మిది రోజులు.
మూడుని పోల్చుకున్నాను.
పక్కది నడుం దగ్గర ముడిపడి ఉంది,
ఎనిమిదే అనుకున్నాను.
ముప్పై తొమ్మిది నుంచి మొదలెట్టమని
నొక్కేశాను.

అది నాలుగు.

తెలిసేసరికి ఇరవై రోజులు.
విశాఖ నుంచి ఆడిటరొచ్చి కళ్ళజోడు పైకి నెట్టి
మధ్యలో నాలుగు కార్డులేవమ్మా అన్నాడు.
దాచారా? వానలో పోశారా? రాత్రిపూట,
ఇంజినీరు లేకుండా?
మూడో కాలి దగ్గరికి దిగి
సుత్తితో కొట్టి చెవి ఆనించాడు.
కాలు గట్టిగానే పలికింది.
ఆయనకది సాక్ష్యం కాలేదు.
జరగనిది జరగలేదని చూపించడానికి
మా దగ్గర ఏ ఫారమూ లేదు.

వెనక్కెళ్ళి సర్దుదామంటే తెర ఒప్పుకోదు.
కార్డు చెరపొచ్చు, కానీ
దాని నెంబరు ఇంకొకరికి రాదు.
పరిచ్ఛా బాబు రిజిస్టరైతే ఇరుకులోనూ చోటిచ్చేది.
పన్నెండు తర్వాత పన్నెండు-అ.
పందొమ్మిది కింద పెన్సిలుతో
సొంబారా సబర వేలు చువ్వల మధ్య నలిగిన సంగతి,
ఆటోకి ఇచ్చిన డబ్బు.
అది పోత కార్డు కాదు.
ఇంకెక్కడ రాయాలో తెలీక అక్కడ రాశాడు.
కంప్యూటరులోకి అన్నీ ఎక్కించానన్నప్పుడు
ఆ పెన్సిలు వరస ఎక్కించలేదు.
ఏ గడిలో వెయ్యను?

పరిచ్ఛా బాబుని పిలిస్తే వచ్చాడు, తిట్టలేదు.
బల్ల మీద సిమెంటు దుమ్ములో వేలితో గీశాడు.
"పైన తెరిచుంది చూడు తల్లీ.
తెరిచుంటే నాలుగు, మూసుకుంటే మీ ఎనిమిది."
తర్వాత అరచేత్తో తుడిచేశాడు,
బల్ల శుభ్రంగా ఉండాలని.

సాయంత్రం లేఖ రాశాను.
ఈ నాలుగు నెంబర్లూ ఏ పోతవీ కావు,
చదవడంలో పోయాయి.
ఆడిటరు రెండుసార్లు చదివాడు. పెన్ను తీశాడు. ఆగాడు.
"దీనికి నెంబరేదీ?"

నొక్కాను. పడింది.
ఈ సైటు నుంచి వెళ్ళే లేఖల్లో ఇదే మొదటిది,
సున్నా సున్నా సున్నా ఒకటి.

గుమ్మంలో బస్తా దుమ్ము దులుపుకుంటూ తవిటయ్య
"లాభం" అన్నాడు.